తుడిచేసిన కోడ్లు

మరమ్మతు పని నేర్చినవాడికి చుట్టాలుండకూడదు. ఉన్నా, వాళ్ళ ఇళ్ళల్లో కరెంటు పొయ్యిలుండకూడదు. అందరూ పొయ్యి డాక్టరు అని పిలిచే మెకానిక్కు ముప్ఫై ఏళ్ళుగా మొత్తుకుంటున్న మాట ఇది, వినే నాథుడు లేడు. తన వైపువాళ్ళు, భార్య వైపువాళ్ళు, వాళ్ళ పక్కింటివాళ్ళు, ఎవరి వంటింట్లో ఏది కుయ్యిమన్నా ఫోను ఇతనికే వస్తుంది. ఫీజు అడగలేడు, రానని చెప్పలేడు. పోనీ మొదటిరోజే పిలుస్తారా అంటే అదీ లేదు. మనవాడే కదా, చూద్దాంలే అని నెలల తరబడి నాన్చి, పొయ్యి గుడ్లు తేలేశాక పిలుస్తారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ శనివారం పొద్దున ఫోను చేసింది మేనకోడలు, అతని అక్క కూతురు. ఓవెన్ వెయ్యగానే పొయ్యి కీచుమంటోందట. ముందున్న చిన్న అద్దంలో ‘ఈ మూడు’ అని చూపిస్తోందట. మెయిన్ స్విచ్చి ఆపి మళ్ళీ వేసినా పోవట్లేదట. ఇప్పటి కరెంటు పొయ్యిలకి ఒంట్లో బాగాలేకపోతే అవే చెప్పుకుంటాయి, ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె. పొయ్యి డాక్టరుకి ఆ కోడ్లన్నీ కంఠతా వచ్చు. సొంత పిల్లల పుట్టినరోజులు అడిగితే మాత్రం భార్య మొహం చూస్తాడు. ‘ఈ మూడు’ అంటే ఓవెన్ లోపల వేడిని కొలిచే కడ్డీ పోయినట్టు. అరగంట పని, రెండు గంటల ప్రయాణం. సెలవురోజు కాస్తా మంట్లో కలిసిందని గొణుక్కుంటూ వ్యాను తీశాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అతను విసుక్కున్నది ప్రయాణానికి కాదు. అక్క మొహం చూడడానికి ధైర్యం చాలక విసుక్కున్నాడు.

అక్క అతనికంటే ఏడేళ్ళు పెద్దది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఒక బడి వంటశాలలో పెద్ద వంటమనిషిగా పనిచేసింది. రోజూ మూడొందలమంది పిల్లలకి వండి వార్చింది, ఆరు పొయ్యిలు ఒంటిచేత్తో నడిపింది, ఒక్కనాడు ఒక గిన్నె మాడనివ్వలేదు. బావ పోయాక, కూతురు కడుపుతో ఉందని ఆ ఇంటికి వచ్చి, పాప పుట్టాక అక్కడే ఉండిపోయింది. కూతురు సోమవారం నుంచి మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. అమ్మమ్మ ఉంది కదా, పాపకేం బెంగ అన్నది మొదట్లో అందరి ధీమా.

ఆ ధీమా రెండున్నర నెలల కింద చెదిరింది. ఒక రోజు పొయ్యి మీద, ఎడమవైపు వెనక ప్లేటు కణకణలాడుతూ కనబడింది. దాని మీదున్న ఖాళీ గిన్నె మాడి మసైపోయింది. మూడు వారాల తర్వాత అదే ప్లేటు మీద పాలసీసా మూత కరిగి కారింది. మూడోసారి తువ్వాలు అంటుకుంది. ఇల్లంతా పొగ కమ్మి, పాప ఉక్కిరిబిక్కిరై, ఆ రాత్రంతా దగ్గుతూనే ఉందట. మూడుసార్లూ వంటింట్లోంచి ఆఖరున వచ్చింది అక్కే. మొదటిసారి ‘నేను కట్టేశాను, ఈ చేత్తో కట్టేశాను’ అని నెత్తీ నోరూ కొట్టుకుంది. రెండోసారి తమ్ముడికి ఫోను చేసి ఆ మాటే చెప్పింది. మూడోసారి గోడవైపు తిరిగి కూర్చుందట.

ఆ రెండోసారి ఫోనులో ఇతను ఏమన్నాడు? "వయసు అక్కా. నాకూ అవుతోంది, తాళాలు ఎక్కడ పెట్టానో మర్చిపోతున్నా. బాధపడకు," అన్నాడు. ఓదార్పనుకుని అన్నాడు. పొయ్యిల మీద బతికినవాడు, ‘ఆ ప్లేటు ఒకసారి చూస్తానక్కా’ అని ఒక్క మాట అంటే ఏం పోయేది? తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే, పని నేర్పిన గురువు మొదటిరోజే చెవిలో వేసిన మాట ఒకటుంది. మనిషి మాట నమ్మకు, పొయ్యి మాట నమ్ము అని. నేను కట్టేశానని పదిమంది చెప్తే తొమ్మిదిమంది కట్టెయ్యరు, ఇది అతను ముప్ఫై ఏళ్ళు కళ్ళారా చూసిన లెక్క. అక్కని తీసుకెళ్ళి ఆ తొమ్మిదిమందిలో కలిపేశాడు.

తర్వాత ఆవిణ్ణి ఆసుపత్రిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ఐదు మాటలు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పమన్నాడట. మూడే చెప్పింది. భయంతో నోరెండిపోయిన మనిషి మూడు చెప్పడమే గొప్ప. కానీ కాగితం మీద మూడు అని పడింది, కాగితానికి భయం సంగతేం తెలుసు? అల్లుడు నాలుగు చోట్ల వాకబు చేసి, ఊరి చివర ఒక వృద్ధుల హోము మాట్లాడాడు. సోమవారం పొద్దున పాప క్రెష్‌కి, అమ్మమ్మ హోముకి, అమ్మ ఆఫీసుకి. ఒకటే కారు, మూడు మజిలీలు.

ఇల్లు నాలుగో అంతస్తులో. తలుపు తీసింది అల్లుడు. చెడ్డవాడేం కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి చేతులు దులుపుకోవచ్చు. మేనకోడలు పాపకి క్రెష్‌లో కావాల్సిన సామాను కొనడానికి బజారుకెళ్ళిందని, గంటలో వస్తుందని చెప్పి, మంచినీళ్ళిచ్చి, ఆఫీసు ఫోనేదో వస్తే మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్ళాడు.

అక్క సోఫాలో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మనిషి సగమైపోయింది. ఎన్నింటికి బయల్దేరావు, ఏమైనా తిన్నావా, మరదలు ఎలా ఉంది అని అడిగింది. అడిగినవే కాసేపటికి మళ్ళీ అడుగుతానేమోనని భయం కాబోలు, ఒక్కో ప్రశ్నా అడిగాక ‘ఇది అడిగేశాను కదూ’ అంది. అతను పని చూసుకుని వస్తానని లేచాడు.

వంటింటి గుమ్మానికి నడుమెత్తున ఒక కర్ర తలుపు కొత్తగా బిగించారు, దానికి అవతలివైపు గొళ్ళెం. పాప కోసమని అల్లుడు ముందే చెప్పాడు. పాపకి ఐదు నెలలు. ఇంకా సరిగ్గా బోర్లా పడడమే రాదు. పొయ్యి డాక్టరు చెయ్యి అవతలికి పెట్టి గొళ్ళెం తీశాడు.

లోపల, ఫ్రిజ్ పక్కన మేకుకి ఒక చిన్న నోటుపుస్తకం వేలాడుతోంది. అక్క రాత. తేదీ, టైము, ‘కట్టేశాను’, పక్కన టిక్కు. రోజుకి ఆరేడు టిక్కులు. మొదటిసారి గొడవయ్యాక మొదలుపెట్టినట్టుంది. తువ్వాలు అంటుకున్న రోజుకీ ఉంది టిక్కు, ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ. అతను పుస్తకం మళ్ళీ మేకుకి తగిలించి, మెయిన్ ఆపి, పొయ్యిని ముందుకి లాగాడు.

ఓవెన్ కడ్డీ మార్చడం ఎంతసేపు? వెనక రేకు విప్పి, పాతది పీకి, కొత్తది పెట్టి, మళ్ళీ బిగించాడు. మెయిన్ వేశాడు. ‘ఈ మూడు’ పోయింది. ఇక ఏ మెకానిక్కైనా చేసే పనే చేశాడు, రెండు బటన్లు కలిపి నొక్కి లోపలి చిట్టా తెరిచాడు. పొయ్యికి వచ్చిన జబ్బులన్నీ, ఎన్నిసార్లు వచ్చాయో అంకెతో సహా, ఆ చిట్టాలో ఉంటాయి. బయటి మనుషులకి అది కనబడదు, ఉన్నట్టు కూడా తెలీదు. ముందు ‘ఈ మూడు, రెండు’ అని వచ్చింది. ఇంకోసారి నొక్కాడు.

‘ఈ ఏడు, తొమ్మిది.’

పొయ్యి డాక్టరు కళ్ళద్దాలు తీసి, చొక్కాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. అదే ఉంది.

‘ఈ ఏడు’ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పాలంటే, కట్టెయ్యమని మనిషి చెప్పింది, పొయ్యి వినలేదు. ప్రతి ప్లేటుకీ లోపల బొటనవేలి గోరంత స్విచ్చి ఉంటుంది, దాన్ని రిలే అంటారు. మనం పైన ఆపితే దీపం ఆరిపోతుంది, కానీ ఆ రిలే లోపలి పెదాలు ఒకదానికొకటి అతుక్కుపోతే ప్లేటుకి కరెంటు పోతూనే ఉంటుంది. కాస్త చల్లబడితే మళ్ళీ ఊడి, ఏమీ ఎరగనట్టు బుద్ధిగా పనిచేస్తుంది. దొంగబుద్ధి. ఈ కంపెనీ వాళ్ళు ఆ సంగతి బయటి అద్దంలో చూపించకుండా లోపల మాత్రం రాసిపెట్టుకునేలా చేశారు. ఎందుకలా చేశారో వాళ్ళకే తెలియాలి. తొమ్మిదిసార్లు అతుక్కుంది. మూడుసార్లు ఇంట్లోవాళ్ళ కంటబడింది, మిగిలిన ఆరుసార్లు ఎవరూ చూడకముందే దానంతటదే ఊడింది.

అక్క కట్టేసింది. ప్రతిసారీ కట్టేసింది. అతను వంటింటి నేల మీద కూర్చుండిపోయాడు. నోటుపుస్తకంలో టిక్కులన్నీ నిజాలే. ఆవిడ బుర్ర వజ్రంలా ఉంది, గడ్డి తిన్నది రిలే. ‘వయసు అక్కా’ అన్న తన మాట గుర్తొచ్చి, తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఏడుపూ వచ్చింది, పట్టరాని సంతోషమూ వచ్చింది. సోమవారం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. పాప అమ్మమ్మ ఒళ్ళోనే ఉంటుంది.

అప్పుడే కేకేసి పిలవాల్సింది. ఇప్పటికీ అతన్ని నిద్రపోనివ్వని సంగతి ఇదే. కానీ అల్లుడు బాల్కనీలో ఫోను మీదున్నాడు, మేనకోడలు ఇంకా రాలేదు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, అక్కని కూడా ఆ కర్రతలుపు దాటించి లోపలికి తీసుకొచ్చి, ఆ తొమ్మిది అంకె ముగ్గురికీ ఒకేసారి చూపించాలని అతని ఆశ. అందరూ వచ్చేలోగా పని ముగిద్దామనుకున్నాడు. చేతులు ఊరుకుంటాయా? నాలుగు ప్లేట్ల రిలేలూ ఒకేచోట ఉండే రిలే బోర్డు ఒకటి వ్యానులో ఎప్పుడూ ఉంటుంది, ఈ రకం పొయ్యిలకి తరచూ పోయేది అదే కాబట్టి. కిందికెళ్ళి తెచ్చాడు. పాత బోర్డు విప్పాడు, కొత్తది బిగించాడు. ఒక్కో స్క్రూ తిప్పుతూ, ముందు మేనకోడలికి ఏం చెప్పాలి, తర్వాత అల్లుడికి ఏం చెప్పాలి అని మనసులో మాటలు పేర్చుకుంటున్నాడు. నాలుగు ప్లేట్లూ వేసి చూశాడు, ఆపి చూశాడు. ఓవెన్ చూశాడు. అన్నీ బాగున్నాయి. వేళ్ళు వాటంతటవే ఆ రెండు బటన్ల మీదికి పోయి, ఐదు లెక్కపెట్టేదాకా నొక్కిపట్టాయి. పొయ్యి ఒకసారి కుయ్యిమంది. అద్దంలో రెండు అడ్డగీతలు మిగిలాయి.

ఇదీ గురువు నేర్పిందే. పని అయ్యాక పాత కోడ్లు తుడిచెయ్యరా, ఎంగిలి కంచం వదిలేసి లేవకు, అనేవాడు. తర్వాత వచ్చే మెకానిక్కు పాత కోడు చూసి నీ పని అనుమానించకుండా ఉంటుందని. ముప్ఫై ఏళ్ళలో కొన్ని వేల పొయ్యిలకి కొన్ని వేలసార్లు చేసిన పని. బయటి ఇళ్ళల్లో అయితే ముందుగా కార్డు మీద కోడూ అంకే రాసి, ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టించుకున్నాకే రేకు విప్పుతాడు. చుట్టాల ఇంట్లో కార్డెందుకని రాయడు. ఫోటో తీద్దామన్నా ఫోను వ్యానులో ఛార్జింగుకి పెట్టి వచ్చాడు, బోర్డు కోసం కిందికెళ్ళినప్పుడు తెచ్చుకోవాలని తోచలేదు.

మళ్ళీ చిట్టా తెరిచాడు. గీతలు. మూసి తెరిచాడు. గీతలే. పది సార్లు చేసి ఉంటాడు. తుడిచినది తిరిగిరాదని అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అయినా నొక్కుతూనే ఉన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మేనకోడలు వచ్చింది, రెండు చేతుల్లో చిన్న చిన్న సంచులు. అతను మొగుడూ పెళ్ళాల్ని వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, ఉన్నదున్నట్టు చెప్పాడు. మనసులో పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయి, ఏదో నత్తినత్తిగా వచ్చింది. వింటున్నంతసేపూ మేనకోడలి మొహంలోకి రంగు వస్తూనే ఉంది. నిజమా మావయ్యా అంది. చంటిపిల్లలా అడిగింది.

"ఏదీ, ఒకసారి చూపించండి మావయ్యగారూ," అన్నాడు అల్లుడు.

"తుడిచేశాను బాబూ."

"ఎందుకు?"

"అలవాటు."

ఆ మాట ఎంత వెర్రిగా ఉందో అన్నాక అతనికే తెలిసింది. అల్లుడు నవ్వలేదు, కోప్పడలేదు. తల కిందికి దించుకున్నాడు. అదే నాలుగు దెబ్బలు వేసినట్టుంది. పొయ్యి డాక్టరు పాత బోర్డు గట్టు మీద పెట్టి, సంచిలోంచి బ్యాటరీ తీగలు తీసి ఎడమవైపు వెనక ప్లేటు రిలేకి తగిలించి, చూడండి ఇప్పుడు అతుక్కుంటుంది అన్నాడు. రిలే టక్కుమంది. తీస్తే టక్కుమని ఊడింది. మళ్ళీ. మళ్ళీ. నలభైసార్లు చేశాడు, నలభైసార్లూ అది బడిపిల్లాడిలా చెప్పినట్టు విన్నది. వేడెక్కితేనే అతుక్కుంటుందని ఎంత చెప్పినా, ఎదురుగా టక్కుటక్కుమంటున్నదాన్ని ఎవరు కాదంటారు? ఉక్రోషం పట్టలేక స్క్రూడ్రైవరుతో దాని డిప్ప పగలగొట్టి, లోపలి పెదాలు చూపించాడు. నల్లగా మాడి ఉన్నాయి.

ఆరేళ్ళ పొయ్యి కదా, ఏ రిలే అయినా ఇలాగే ఉండదా అని అడిగాడు అల్లుడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఉంటుందని పొయ్యి డాక్టరు ఒప్పుకోవాల్సి వచ్చింది. పని విషయంలో అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. నోటుపుస్తకం తీసి టిక్కులు చూపించాడు. టిక్కు పెట్టేసి, కట్టేశాననుకుని వచ్చేసి ఉంటారు, ఆసుపత్రి డాక్టరు కూడా అలా అవుతుందనే చెప్పాడని అల్లుడి జవాబు.

ఆఖరికి పొయ్యి డాక్టరు ఒక మాటన్నాడు. ఈ రిలే ఎలాగూ పగలగొట్టాను, కానీ మిగతా మూడూ దీని వయసువే, దీనితో పాటు పుట్టినవే. పాత బోర్డే తిరిగి బిగిస్తాను, ఆ రిలేల్లో ఒకటి దీని చోట అతికిస్తాను. పది రోజులు ఉంచండి. ఏదో ఒకటి అతుక్కుంటుంది, అప్పుడు చిట్టా మీ కళ్ళతో మీరే చూడండి, అప్పటిదాకా అక్కని ఎక్కడికీ పంపొద్దు.

"పాప ఉన్న ఇంట్లోనా?" అంది మేనకోడలు.

"బోర్డు మీద అనుమానం ఉన్నాక రిస్కు తీసుకోలేం మావయ్యగారూ," అన్నాడు అల్లుడు.

"అనుమానం ఉందంటే నా మాట నమ్మినట్టేగా?"

"నమ్మకం సంగతి కాదండీ. చంటిపిల్ల ఉన్నచోట అనుమానం చాలు."

ఆ లెక్క తప్పని ఎవరనగలరు? బోర్డుకి ఏ లెక్కో అక్కకీ అదే లెక్క. అనుమానం ఉన్న బోర్డుని తీసి పక్కన పెట్టారు, అనుమానం ఉన్న మనిషిని సోమవారం తీసుకెళ్ళి పక్కన పెడతారు. పైగా ఇకమీదట ఈ పొయ్యి కొత్త బోర్డుతో బంగారంలా పనిచేస్తుంది. చూశారా, అమ్మమ్మ వెళ్ళాక ఒక్కసారైనా అలా అయిందా అని వీళ్ళే అనుకుంటారు. తన చేత్తో తనే అక్క మీద రుజువు తయారుచేసి పెట్టాడు.

మేనకోడలు అతని చెయ్యి పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నువ్వు అమ్మ తమ్ముడివి మావయ్యా, నీ స్థానంలో నేనున్నా ఇలాగే చెప్తాను అంది. ఆ తర్వాత, అనాలా వద్దా అన్నట్టు ఆగి, ఆ రోజు ఫోనులో వయసు అన్నది కూడా నువ్వేగా అంది. పుల్లవిరుపుగా అనలేదు. బతిమాలుతున్నట్టు అంది. నమ్మాలని ఆ పిల్లకి ఎంతుందో, నమ్మి రేపు పాపకేమైనా అయితే అన్న భయం అంతకు రెండింతలుంది. పొయ్యి డాక్టరు సంచి సర్దుకున్నాడు.

అయినా ఒక్క ఆశ మిగిలింది. వాళ్ళు నమ్మకపోతే మానె, అక్క నమ్మితే చాలు. తన బుర్ర బాగానే ఉందని తనకి తెలిస్తే ఎక్కడున్నా మనిషి నిలబడుతుంది. వెళ్ళి ఆవిడ పక్కన సోఫాలో కూర్చుని మొత్తం చెప్పాడు. రిలే సంగతి, చిట్టా సంగతి, ఈ ఏడు, తొమ్మిదిసార్లు. అక్క పాప అరికాలు నిమురుతూ వింది.

"తొమ్మిదిసార్లా?" అంది. వంగిన నడుం ఒక్కసారి నిటారైంది. బడి వంటశాలలో గరిట పట్టుకుని నిలబడ్డ మనిషి, ఒక్క క్షణం, అతనికి కనబడింది.

"తొమ్మిదిసార్లక్కా. నువ్వు కట్టేశావు. తప్పంతా పొయ్యిది."

"మరి పిల్లలకి చూపించావా?"

అతను తల వంచుకున్నాడు. ఏం జరిగిందో చెప్పాడు. అక్క అతని మొహంలోకి చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూనే నడుం మళ్ళీ మెల్లగా వంగింది. తర్వాత నవ్వింది. కోపమొచ్చినా బాగుండేది, ఆ నవ్వు మాత్రం అతను భరించలేకపోయాడు.

"ఒరేయ్, నాన్న గడ్డం గీసుకునే అద్దం నేను పగలగొడితే నువ్వు పగలగొట్టినట్టు చెప్పి వీపు చీరేయించుకున్నావు. అప్పుడు నీకు ఆరేళ్ళు. ఇంత వయసొచ్చింది, ఇంకా నా కోసం అబద్ధాలేంట్రా?"

అతను ఒట్టేశాడు. పిల్లల మీద ఒట్టేశాడు, చేసే పని మీద ఒట్టేశాడు. ముప్ఫై ఏళ్ళలో ఎవరికీ చెప్పనన్ని సార్లు నిజం నిజం అన్నాడు. అన్నకొద్దీ అబద్ధంలా వినబడుతోందని అతనికే తెలుస్తోంది. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. అక్క పాపని భుజానికెత్తుకుని, రెండో చేత్తో అతని వీపు నిమిరింది. సరేలే, పొయ్యిదే తప్పు, నువ్వు చెప్పావుగా, ఏడవకు అంది. బడిలో మూడొందలమంది పిల్లల మధ్య కిందపడి మోకాలు దోక్కుపోయినవాణ్ణి సముదాయించే గొంతుతో అంది.

పోయేముందు టీ తాగి వెళ్ళమంది. కూతురివైపు తిరిగి, మావయ్యకి టీ పెట్టనా అని అడిగింది. కన్నకూతుర్ని అడిగింది. కూతురు మొగుడివైపు చూసింది. అల్లుడు తల ఊపి, ఆవిడ చేతుల్లోంచి పాపని తీసుకున్నాడు. అందరూ వంటింట్లోకి వచ్చారు, ఒక కప్పు టీకి ముగ్గురు కాపలా. అక్క గిన్నె పెట్టింది, నీళ్ళు పోసింది, టీ ఆకు వేసింది. చేతులు ఎక్కడా తడబడలేదు. పొంగు వచ్చేదాకా ప్లేటు మీదనుంచి చూపు తిప్పలేదు. టీ కప్పులోకి వంచి, పొయ్యి కట్టేసింది. దీపం ఆరింది, ప్లేటు ఎరుపు మెల్లగా నల్లబడింది.

అయినా ఆవిడ కదల్లేదు. బటన్ మీద వేలు అలాగే ఉంచి నిలబడింది.

"తమ్ముడూ, కట్టేశానా?"

"కట్టేశావక్కా."

"నువ్వు చూశావుగా?"

"చూశాను."

ఆ మాట మాత్రం అక్క వెంటనే నమ్మింది.